బానెట్ మీద చెయ్యి

చిన్నోడు మోసం చేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

రెండు రోజుల జ్వరంలో పంపుల మేస్త్రి అన్నీ మర్చిపోయాడు గానీ ఈ ఒక్క మాట మర్చిపోలేదు. గేటు ముందు కారు నాలుగోసారి కిర్రుమని, దగ్గి, ఆగిపోయినప్పుడు దుప్పటి కింద నుంచే అదే మాట మళ్ళీ అనుకున్నాడు. చనిపోయిన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. యాభై రెండేళ్ళు వచ్చినా అందరికీ చిన్నోడే. మోసం మాత్రం పెద్దది చేశాడు.

ఐదోసారి.

"ఆపు. బ్యాటరీ దిగిపోతుంది," అన్నాడు మేస్త్రి పైకే.

గదిలో వినేవాళ్ళు లేరు. ఇద్దరే ఉండే ఇల్లు. ఆ రెండో మనిషి బయట కారులో ఉంది.

తలకు తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కారు అద్దాల మీద మంచు పట్టి ఉంది. కూతురు తెల్లకోటు వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్క సీట్లో రక్తం సీసాలు పెట్టే చల్లపెట్టె, దాని మీద ఇవాళ వెళ్ళాల్సిన ఇళ్ళ జాబితా. ల్యాబు తరఫున ఇంటింటికీ వెళ్ళి పరగడుపున రక్తం తీసుకురావడం ఆమె ఉద్యోగం. పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళలోనూ కడుపు మాడ్చుకుని ఈమె కోసం ఎదురుచూసేవాళ్ళే.

"ఎందుకు లేచి వచ్చావు? ఒళ్ళు కాలిపోతుంటే."

"తాళం ఇటివ్వు."

"ఇస్తే?"

"నేను చూస్తాను."

"ఇరవై రోజులుగా చూస్తూనే ఉన్నావుగా నాన్నా. చీకటితో లేస్తావు, తుడుస్తావు, తోముతావు. ఈ కారుకు చేసినంత సేవ నువ్వు ఈ జన్మలో మనుషులకు చెయ్యలేదు. అయినా దీనికి విశ్వాసం లేదు. నువ్వు రెండు రోజులు మంచాన పడేసరికి అలిగి కూర్చుంది."

ఆమె సరదాకి అన్న మాట సూటిగా వచ్చి మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"నిన్న గంటన్నర ఆలస్యం," అంది ఆమె ఎదురుగా అద్దంలోకి చూస్తూ. "మూడో ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. చక్కెర జబ్బు. చూసి చూసి కళ్ళు తిరిగి కుర్చీలోంచి జారిపోయాడట. నేను వెళ్ళేసరికి వాళ్ళావిడ విసనకర్రతో విసురుతోంది. నాలుగు తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు. 'మంచినీళ్ళు తాగుతావా అమ్మా, పరుగెత్తుకొచ్చినట్టున్నావు' అంది. తిట్టినా బాగుండేది."

"మేనేజరేమన్నాడు?"

"వాడేమంటాడు. తిట్టడం వాడి ఉద్యోగం, తిట్టాడు."

ఆరోసారి తాళం తిప్పింది. ఈసారి దగ్గు కూడా రాలేదు. టిక్కుమని ఊరుకుంది.

"కిరాయి బండికి చెప్పాను. వస్తోంది," అంది దిగుతూ. "దాని కిరాయికి సరిపోవాలంటే ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ సూదులు గుచ్చాలి. సరే, అది నా బాధ. మెకానిక్‌ని పదింటికి రమ్మన్నాను. నువ్వు లోపలికి వెళ్ళి పడుకో. మామయ్యకు ఫోన్ చేస్తున్నాను."

"వద్దు."

"బండి అమ్మింది ఆయన. ఆయనకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను?"

"వద్దన్నానుగా."

"ఎందుకు వద్దో చెప్పు."

మేస్త్రి కారు వైపు చూశాడు. కారు కూడా ఆయన్ని చూస్తున్నట్టే ఉంది, రెండు దీపాలూ తెరుచుకుని.

"అమ్మ ఉన్నప్పుడు నువ్వు వద్దంటే ఎందుకు వద్దో అమ్మ వచ్చి చెప్పేది," అంది కూతురు. "ఇప్పుడు నాకెవరు చెప్తారు?"

కిరాయి బండి వచ్చింది. చల్లపెట్టె ఎత్తుకుని ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మెకానిక్ పదకొండింటికి వచ్చాడు. బానెట్ ఎత్తి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. ముట్టుకోలేదు. తర్వాత రెండు వేళ్ళతో ఇంజను మీద నుంచి ఏదో తీసి వెలుగులో పట్టుకున్నాడు. గోనెపీచు. నాలుగంగుళాలుంది.

"మేస్త్రీ," అన్నాడు. "కారు ఇంజనుకి గోనెపట్టా వైద్యం ఎవరు చేశారు?"

అరుగు మీద కూర్చున్న మేస్త్రి తువ్వాలు సరిచేసుకున్నాడు.

"ఇదిగో, నీళ్ళు కారిన చారలు తెల్లగా ఉప్పు కట్టాయి. వేడినీళ్ళు. మా నాన్నకి బావి దగ్గర డీజిలు ఇంజనుండేది. చలికాలంలో ఇలాగే గోనెసంచి కప్పి మరిగిన నీళ్ళు పోసేవాడు. అప్పటి మనుషులు చేసే పని. ఈ వీధిలో అది తెలిసిన చెయ్యి ఇంకోటుందని నేననుకోను."

"నువ్వు వైద్యం సంగతి వదిలి జబ్బు సంగతి చూడు."

మెకానిక్ చూశాడు. తన బ్యాటరీ తెచ్చి తగిలించాడు. నీళ్ళు కాచి తెమ్మన్నాడు. మేస్త్రి తెచ్చాడు, గోనెపట్టాతో సహా తెచ్చాడు, ఇక దాచి లాభం లేదు కాబట్టి. పావుగంట తంటాలు పడ్డాక ఇంజను లేచింది. మెకానిక్ ఆయిలు పోసే మూత తీశాడు. అందులోంచి పొగ బుసబుసమని పైకొచ్చింది, తడికట్టెల పొయ్యిలోంచి వచ్చినట్టు.

ఇద్దరూ ఆ పొగను కాసేపు చూశారు. చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి. బిగువు లేదు," అన్నాడు మెకానిక్, చెప్పడం తన పని కాబట్టి. "వేడి మీద ఉన్నంతసేపు గుర్రంలా పరుగెత్తుతుంది. చల్లారితే చచ్చినట్టు పడుకుంటుంది. ఇంజను మొత్తం విప్పాలి. రెండు వారాలు పడుతుంది. ఇది ఇరవై రోజుల్లో వచ్చిన రోగం కాదు మేస్త్రీ. రెండేళ్ళ నాటిది."

"ఊఁ."

"మీరే దగ్గరుండి కొన్నారని అమ్మాయి చెప్పింది."

"కొన్నాను."

"కొనేటప్పుడు చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి చూడాలని మీకు నేను చెప్పాలా?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూశాడు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ పంపుల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు వేళ్ళు కొంకర్లు పోయి స్పానర్ పట్టడం లేదు, అంతే. చెవులూ కళ్ళూ ఎక్కడికీ పోలేదు.

"అమ్మాయికి ఏం చెప్పమంటారు?"

"రింగులు పోయాయని చెప్పు."

"అది ఎలాగూ చెప్తాను. గోనెపట్టా?"

"గోనెపట్టా రింగుల్లో లేదుగా."

మెకానిక్ నవ్వలేదు. కారు బ్యాటరీకి ఛార్జి ఎక్కేదాకా ఇంజను నడవనిచ్చి, తన బ్యాటరీ విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇరవై రోజులు. రోజూ నాలుగున్నరకు లేవడం. చప్పుడు కాకుండా పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టడం. ఇంజను మీద గోనెపట్టా పరిచి, చెంబు చెంబుగా పోసి, అది ఆవిరి కక్కేదాకా నిలబడటం. ఒకసారి స్టార్ట్ చేసి, వేడెక్కించి, ఆపేసి, పట్టా తీసి పెరట్లో దాచి, పొడిగుడ్డతో కారంతా తుడవడం. కూతురు లేచి వచ్చేసరికి కారు మెరుస్తూ, ఒక్క తిప్పుకి స్టార్టయ్యేది. "నాన్న దీనికి పొద్దున్నే స్నానం చేయిస్తాడు" అని ఆమె పక్కింటివాళ్ళతో చెప్పి నవ్వేది.

ఇలా ఎన్నాళ్ళని ఆయన ఆలోచించలేదు. ఎండాకాలం వస్తుందనుకున్నాడు. అప్పుడు చలి ఉండదు కదా.

ఇరవై ఒకటో రోజు జ్వరం వచ్చింది.

కూతురు మూడింటికి తిరిగొచ్చింది. ఒక్కతే రాలేదు. వెనక స్కూటరు మీద చిన్నోడు.

మెకానిక్‌తో ఫోన్‌లో మాట్లాడినట్టుంది, గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ, "రింగులట," అంది. చల్లపెట్టె గోడ పక్కన దించింది. "ఇవాళ నలభై నిమిషాలు ఆలస్యం. ఇద్దరు ఆగలేక తినేశారు. వాళ్ళ రక్తం పనికిరాదు. రేపు ఆరింటికి మొదటి ఇంటి గుమ్మంలో ఉండకపోతే రూటు ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తారట. ఆ అమ్మాయి పేరు కూడా కాగితం మీద రాసేశారు. నాకు చూపించారు."

కూర్చోమని ఎవరూ అనకుండానే చిన్నోడు కూర్చున్నాడు. శుభకార్యాలకు కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. అతని గోడౌన్లో కుర్చీలు పైకప్పు తాకేలా ఉంటాయి. ఈ ఇంట్లో మాత్రం కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, ఎవరో వచ్చి లాగేస్తారన్నట్టు.

"ఎలా ఉంది బావా ఒంట్లో?"

మేస్త్రి గోడకేసి తిరిగాడు.

"ముందు టీ పెడతాను," అంది కూతురు. "తాగాక తిట్టుకుందురు గాని. పొద్దుటి నుంచి నా నోట్లో ఏమీ పడలేదు. నా పేషెంట్ల కంటే నేనే ఎక్కువ ఉపవాసం."

లోపలికి వెళ్ళింది. గిన్నె చప్పుడు వినబడింది.

పన్నెండేళ్ళ కిందట ఈ చిన్నోడు మేస్త్రి షెడ్డులోనే పని చేసేవాడు. ఒకరోజు ఆయిలు పొయ్యకుండా ఇంజను నడిపి దాన్ని బిగుసుకుపోయేలా చేశాడు. నలుగురు ఖాతాదారుల ముందు మేస్త్రి వాడి చేతిలో స్పానర్ లాక్కుని చీపురు పెట్టాడు. "నీకు ఇదే ఎక్కువ" అన్నాడు. చిన్నోడు ఆ చీపురుతో షెడ్డంతా శుభ్రంగా ఊడ్చి, దాన్ని మూలన నిలబెట్టి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు ఈ ఇంటి గడప తొక్కలేదు. అక్క వెళ్ళి బస్టాండు బల్ల మీద కూర్చుని వాడితో మాట్లాడి వచ్చేది, కూరగాయల సంచి పట్టుకుని, కూరగాయలకు వెళ్ళినట్టు.

ఆస్పత్రి మంచం మీద ఆమె మొగుణ్ణి ఒక్కటే అడిగింది. "వాణ్ణి ఇంక ఏమీ అనకు. తప్పు చేసినా అనకు. నీ నోటితో వాణ్ణి ఒక్క మాట అన్నావంటే నన్ను అన్నట్టే." మేస్త్రి సరే అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆమె అడిగినదానికి వాదించకుండా సరే అన్నది అదొక్కసారే.

"ఆ రోజు నువ్వు బానెట్ మీద చెయ్యి పెట్టావు," అన్నాడు చిన్నోడు, గొంతు తగ్గించి.

మేస్త్రి గోడనే చూస్తున్నాడు.

"అరచెయ్యి మొత్తం ఆనించావు బావా. బానెట్ వేడిగా ఉంది. నువ్వు రాకముందు గంటసేపు తిప్పి తెచ్చి నిలబెట్టాను. ఎందుకు తిప్పి తెచ్చానో నీకు తెలియకుండా ఉంటుందా? చెయ్యి పెట్టి నా మొహం చూశావు. అయిపోయింది, ఇప్పుడు తిడతాడు అనుకున్నా. సిద్ధంగానే నిలబడ్డా. నువ్వు 'తాళాలివ్వు' అన్నావు."

"మోసం చేశావు." భార్యకిచ్చిన మాట తప్పి, నోరు జారాడు మేస్త్రి.

"చేశాను. నువ్వు చెయ్యనిచ్చావు."

లోపల పాలు పొంగిన చప్పుడు, కూతురు విసుక్కున్న చప్పుడు.

"రాత్రంతా నిద్రపోలేదు ఆ రోజు," అన్నాడు చిన్నోడు. "తర్వాత అనుకున్నా, తెలిసే తీసుకున్నాడు, ఇంజను విప్పి బాగు చేసుకుంటాడు, మేస్త్రికి అదెంత పని అని. నా తప్పు కడుపులో పెట్టుకున్నాడు, ఆ చీపురు సంగతి దీంతో చెల్లిపోయింది అనుకున్నా. సంతోషం కూడా వేసింది. నీ వేళ్ళు ఇలా అయ్యాయని నాకు తెలియదు. ఎవరు చెప్పారు నాకు? నువ్వు మాట్లాడవు కదా."

మేస్త్రి తన వేళ్ళను దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"అక్క ఏమైనా అందా నీతో?" అని అడిగాడు చిన్నోడు. "పోయేముందు, నా గురించి?"

"ఏమీ అనలేదు."

అబద్ధం. నిజం చెప్తే వీడికి ఏడుపు వస్తుంది. వీడు ఏడిస్తే ఓదార్చాలి. ఓదార్చేంత ఓపిక మేస్త్రి దగ్గర లేదు. అంత క్షమ అసలే లేదు.

కూతురు మూడు గ్లాసులతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏమన్నా తేలిందా?"

చిన్నోడు బావ వైపు చూశాడు. మేస్త్రి టీ ఊదుకున్నాడు. ఒక్క మాట చాలు. నాకు కూడా తెలుసు అన్న మాట. ఆ మాట గొంతు దాకా వచ్చి టీతో పాటు లోపలికి పోయింది.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు చిన్నోడు. "చలికి మొండికేస్తుందని నాకు తెలుసు. వేడి మీద చూపించి అమ్మాను. మీ నాన్నకు అనుమానం రాలేదు. వస్తే కొనేవాడు కాదు."

కూతురు గ్లాసు కింద పెట్టింది.

"మామయ్యా, నువ్వు ఎవరికో అమ్ముకుని ఉంటే నీ పాపాన నువ్వు పోయేవాడివి. నాకు అమ్మావు. నేను పొద్దున్నే ఏ పనికి వెళ్తానో తెలిసి అమ్మావు."

"అవును."

"అమ్మ ఉంటే నీ మొహం ఎలా చూసేది?"

"చూసేది కాదు."

"ఒక్కదానికైనా ఎదురు చెప్పవేం? నాకు తిట్టబుద్ధి కూడా కావడం లేదు."

చిన్నోడు లేచాడు. "బండి తీసుకుపోతాను. ఇప్పుడే తాడు కట్టి లాక్కుపోతాను. నువ్విచ్చింది నీకు తిరిగిచ్చేస్తాను."

"లాక్కుపోతే రేపు ఆరింటికి నేను దేనిమీద వెళ్ళాలి? నీ కుర్చీల మీదా?"

చిన్నోడు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "వస్తాను బావా," అన్నాడు. మేస్త్రి తల ఊపాడో లేదో ఊపినవాడికే తెలియాలి. స్కూటరు ఒక్క తన్నుకే స్టార్టయింది. అది కూడా మేస్త్రికి నచ్చలేదు.

కూతురు ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత పెరటి తలుపు తెరుచుకున్న చప్పుడు.

తిరిగొచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో మసిపట్టిన పెద్ద గిన్నె ఉంది. ఇంకో చేతిలో గోనెపట్టా. నూనె, నీళ్ళు తాగి అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఒక అంచు మధ్యాహ్నపు తడితో ఇంకా నల్లగా ఉంది. రెంటినీ మంచం ముందు పెట్టి, తనూ నేల మీద కూర్చుంది.

"ఇలాంటి రింగులున్న బండి ఈ చలిలో ఒక్క రోజు కూడా స్టార్ట్ కాదన్నాడు మెకానిక్. ఇంకేమీ చెప్పలేదు పాపం. ఇరవై రోజులు ఎలా అయిందో దారంతా ఆలోచించుకుంటూ వచ్చా. గ్యాసు పది రోజుల ముందే ఎందుకు అయిపోయిందో ఇప్పుడు అర్థమైంది."

మేస్త్రి గిన్నెను చూశాడు.

"ఇంత చలిలో. ఈ వయసులో. జ్వరం ఊరికే వచ్చిందా?"

"ఎవరికైనా వస్తుంది జ్వరం."

"రేపు నాలుగున్నరకు నన్ను లేపు. ఎలా పొయ్యాలో చూపించు. నువ్వు మంచం దిగొద్దు, కిటికీలోంచి చెప్పు చాలు. ఈ రూటు పోతే నాకు ఇంకోటి దొరకదు నాన్నా."

"చూపిస్తాను."

ఆమె గోనెపట్టాను ఒళ్ళోకి తీసుకుని మడతపెట్టింది, ఉతికిన చీరను మడతపెట్టినట్టు. అంచులు కలవలేదు. మళ్ళీ విప్పింది.

"మామయ్య చెప్పింది నేను నమ్మలేదు," అంది, తల ఎత్తకుండా. "నువ్వు పక్క వీధిలో వెళ్ళే ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పే మనిషివి. నీకు అనుమానం రాలేదా? తిట్టను. ఏమీ అనను. కొన్న రోజే నీకు తెలుసా? అవునో కాదో ఒక్క మాట చెప్పు."

చెప్తే చిన్నోడి మోసం సగానికి తగ్గుతుంది. మిగతా సగం ఎవరి నెత్తిన పడుతుందో మేస్త్రికి తెలుసు. అది తన నెత్తిన పడినా ఫర్వాలేదు. కానీ దాని పక్కనే ఆస్పత్రి మంచం మీద నుంచి ఇంకో మనిషిని కూడా ఈ గదిలోకి లాక్కురావాలి. నీ పని కంటే ఆమెకిచ్చిన మాటే నాకు ఎక్కువైంది అని ఈ పిల్ల మొహం మీద చెప్పాలి.

దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగాడు.

"నాలుగున్నరకు లేపుతాను. నీళ్ళు ఎంత మరగాలో, పట్టా ఎక్కడ పరచాలో అన్నీ చెప్తాను," అన్నాడు. "కొన్న రోజు సంగతి మాత్రం అడగకు. ఇవాళ కాదు, రేపు కాదు. నేను పోయేలోగా ఎప్పుడు అడిగినా దాని గురించి నా నోటి నుంచి ఒక్క మాట రాదు."